కుళాయి తిప్పాలంటే గుండె దడ: మీ ఉత్తరాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడొంతులు నీళ్ల గురించే. నగరంలో కుళాయి నీళ్లు బాగోలేవని ఒక ప్రకటన వస్తే చాలు, ఇంటింటా ఎంత కంగారు పుడుతుందో వీటిని చదువుతుంటే కళ్లకు కట్టినట్టు తెలిసింది. ఒకాయన స్నానాల గదిలో ఊపిరి బిగబట్టి నిలబడుతున్నారు. ఒకావిడ గ్లాసులో నీళ్లు పోసి, టార్చిలైటు వేసి, భూతద్దంతో క్రిములను వెతుకుతున్నారు. ఒక బాబు పళ్లు తోమడం మానేశాడు.

నేను 29 ఏళ్లు నీటి పరీక్షల ల్యాబులో పనిచేశాను. తెల్లవారకముందే సీసాల పెట్టె పట్టుకుని కుళాయి కుళాయికీ తిరిగి నమూనాలు తెచ్చినదాన్ని. అందుకే ఏ ఉత్తరాన్నీ పక్కన పెట్టలేకపోయాను. చదవగానే నవ్వొచ్చే ప్రశ్న వెనక కూడా, ఇంట్లోవాళ్లకు ఏమైనా అవుతుందేమోనన్న బెంగే ఉంది.

జవాబుల్లోకి వెళ్లేముందు ఒక్క విషయం. హెచ్చరిక రాగానే అందరూ "నీళ్లు పాడయ్యాయట" అన్న ముక్క దగ్గరే ఆగిపోతారు. ఆ తర్వాతి వాక్యం చదవండి. "కాచి తాగండి" అని ఉంటే భయం క్రిముల గురించి. "తాగొద్దు" అని ఉంటే సాధారణంగా లోహమో, రసాయనమో కలిసిందని అనుమానం, అప్పుడు కాచినా లాభం లేదు. "వాడొద్దు" అని ఉంటే ఒంటికి తగలడం కూడా మంచిది కాదు. ఈ మూడింటిలో మీ ఇంటికి వచ్చింది ఏదో తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. కింది ఉత్తరాలు దాదాపు అన్నీ "కాచి తాగండి" అన్న ప్రకటన తర్వాత రాసినవే.

ప్రశ్న: మేడమ్, మావారు నీళ్లు 20 నిమిషాలు కాస్తారు. చల్లార్చి, వడకట్టి, మళ్లీ 20 నిమిషాలు కాస్తారు. నిండు గిన్నె పెడితే సగం గిన్నె మిగులుతోంది. ఒకసారి కాస్తే చాలదా అంటే "క్రిములు చచ్చినట్టు నటిస్తాయి, రెండోసారికి దొరికిపోతాయి" అంటున్నారు. గ్యాసు అయిపోయేలా ఉంది. ఆయనకు మీరైనా చెప్పండి.

జవాబు: చెబుతానమ్మా. ఈ జవాబు ఆయన చేతికే ఇవ్వండి.

అయ్యా, నీళ్లు కాగేటప్పుడు గిన్నె పక్కన నిలబడి ఒక్కసారి చూడండి. మొదట గిన్నె అడుగునా, అంచులకూ ఆవగింజంత బుడగలు అంటుకుంటాయి. అవి నీళ్లలో కరిగి ఉన్న గాలి బయటికి వస్తున్న గుర్తు, మరిగినట్టు కాదు. తర్వాత అడుగు నుంచి లేచిన బుడగలు పైకి రాకముందే చితికిపోతూ సుయ్యిమని చప్పుడు చేస్తాయి. అప్పటికీ మరిగినట్టు కాదు. ఆ చప్పుడు తగ్గి, పెద్ద పెద్ద బుడగలు పైకి తన్నుకొచ్చి, గరిటెతో కలిపినా ఆగకుండా నీళ్లు కళపెళా తెర్లుతాయి చూడండి, అక్కడ గడియారం చూసుకోండి. ఒక్క నిమిషం. అంతే. సముద్ర మట్టానికి 2,000 మీటర్ల పైన ఉండే కొండ ఊళ్లలో అయితే 3 నిమిషాలు. అంత ఎత్తున నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి కాస్త ఎక్కువసేపు.

నిజానికి నీళ్ల ద్వారా జబ్బు తెచ్చే క్రిములు 70 డిగ్రీలు దాటాక ఎక్కువసేపు నిలవలేవు. నీళ్లు తెర్లే సమయానికే వాటి పని అయిపోతుంది. మరి ఆ నిమిషం ఎందుకంటే, ఎవరి వంటింట్లోనూ థర్మామీటరు ఉండదు, తెర్లడం మాత్రం అందరి కంటికీ కనిపిస్తుంది. నటించడం సంగతంటారా, క్రిమి ఒంట్లో ఉండేది మాంసకృత్తులు. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్లీ పచ్చిసొన కాదు. ఇదీ అంతే. ఒకసారి ఉడికాక లేచి కూర్చోవడం ఉండదు.

ఇంకో మాట. ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కాచినకొద్దీ నీరు ఆవిరైపోతుంది కానీ అందులోని సీసం, నైట్రేటు, ఆర్సెనిక్ లాంటివి గిన్నెలోనే ఉండిపోతాయి. నిండు గిన్నె సగమైతే వాటి చిక్కదనం రెట్టింపవుతుంది. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరు మార్చారు. నీళ్లు గొట్టాలను తినెయ్యకుండా కలపాల్సిన మందు కలపలేదు. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో క్రిముల కోసం "కాచి తాగండి" అన్నారు. తర్వాత బయటపడ్డ అసలు సంగతి, గొట్టాల నుంచి నీళ్లలోకి దిగిన సీసం. పాపం, శ్రద్ధగా గంటలు గంటలు కాచినవాళ్లకు ఆ కాచడం ఏ మేలూ చేయలేదు. పసిపిల్లల డబ్బాపాలకు నీళ్లు కాచేవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎక్కువ నైట్రేటు పిల్లల రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది.

కాబట్టి ఒకసారి, ఒక నిమిషం. మూత పెట్టి అదే గిన్నెలో చల్లారనివ్వండి. మీ శ్రద్ధ అంతా ఆ తర్వాత చూపించండి. నేను ఒక ఇంట్లో కాచిన నీళ్ల నమూనా తీస్తే క్రిములు కనిపించాయి. ఆవిడ రోజూ పద్ధతిగా కాస్తున్నారు, నా కళ్లముందే కాచారు. ఎక్కడ తేడా వచ్చిందో అర్థం కాక అరగంట అక్కడే కూర్చున్నాను. చివరికి చూస్తే, పిల్లలు బడికి వెళ్లే వేళకు త్వరగా చల్లారాలని ఆ నీళ్లలో నాలుగు ఐసుముక్కలు వేస్తున్నారు. ఐసు కుళాయి నీళ్లదే. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు, ఫ్రీజరులో నిద్రపోతాయి. హెచ్చరిక వచ్చిన రోజే ఐసు ట్రేలు ఖాళీ చేసి కడిగేయండి. మగ్గు ముంచి, వేళ్లు తగిలించి తోడుకోవడం కూడా వద్దు. వంచుకుని తాగండి.

ప్రశ్న: నాకు స్నానం చేస్తూ పాడటం 40 ఏళ్ల అలవాటు. నోట్లోకి నీళ్లు పోతాయని ఇంట్లో పాట బంద్ చేశారు. వారం నుంచి మూగవాడిలా స్నానం చేస్తున్నాను. ఊపిరి కూడా బిగబడుతున్నాను. ఒంట్లో హుషారే లేదు. ఏదైనా దారి ఉందా?

జవాబు: ఉందండీ. స్నానం నిరభ్యంతరంగా చేయండి, ఊపిరి హాయిగా పీల్చండి. "కాచి తాగండి" అన్న హెచ్చరికలో భయం నీళ్లు కడుపులోకి వెళ్లడం గురించే, చర్మం మీద పడటం గురించి కాదు. నోరు తెరిచి పాడటం కాస్త ఆపి, పెదవులు మూసి రాగం తీయండి. ముఖం తుడుచుకున్నాక చరణం అందుకోండి. ఒంటి మీద మానని పుండు ఉంటే మాత్రం దానికి నీళ్లు తగలనివ్వకండి. చంటిపిల్లలు స్నానంలో నోరు తెరుస్తారు, చెయ్యి చీకుతారు, వాళ్లకు కాచి చల్లార్చిన నీళ్లలో గుడ్డ ముంచి ఒళ్లు తుడిస్తే చాలు.

కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, హెచ్చరిక ఉన్నా లేకపోయినా వాటిని కుళాయి నీళ్లతో కడగొద్దు. కుళాయి నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంటి నల్లగుడ్డును దెబ్బతీయగలదు. ముక్కు కడుక్కునే అలవాటు ఉన్నవాళ్లు కూడా ఎప్పుడూ కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. ఇది పాటకు సంబంధించిన విషయం కాకపోయినా ఇక్కడ చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

ప్రశ్న: అక్కా, మా కుళాయిలో తెల్లటి నీళ్లు వస్తున్నాయి. పాలలా. పక్కింటావిడ వచ్చి చూసి "ఏదో పౌడరు కలిపేశారు" అని తేల్చేశారు. నేను రెండు బకెట్లు పారబోశాను. అత్తగారికి చెప్పలేదు.

జవాబు: పారబోయకముందు ఒక గాజు గ్లాసులో పట్టి గట్టు మీద పెట్టు చెల్లీ. కదపకు. రెండు మూడు నిమిషాలు చూడు. తెలుపు గ్లాసు అడుగు నుంచి విరిగిపోతూ, పైకి పైకి జరుగుతూ, చివరికి పైన సన్నటి పొరలా మిగిలి మాయమైతే అది గాలి. గొట్టాల్లో ఒత్తిడి మీద నీళ్లలో కరిగిన గాలి, కుళాయి తిప్పగానే లక్షల బుడగలై బయటికి వస్తుంది. మరమ్మతుల తర్వాత, నీళ్లు ఆపి మళ్లీ వదిలినప్పుడు ఇలా ఎక్కువగా కనిపిస్తుంది. ఆ నీళ్లకు గాలి వల్ల ఏ హానీ లేదు. హెచ్చరిక ఉంది కాబట్టి అన్ని నీళ్లలాగే కాచుకో, అంతే.

తెలుపు పైనుంచి కిందికి దిగి అడుగున పేరుకుంటే మాత్రం అది గాలి కాదు, మట్టో, ఇంకేదో పదార్థమో. అప్పుడు నీటి సరఫరా వాళ్లకు ఫోన్ చేయాలి. గోధుమ రంగు నీళ్లు వస్తే సాధారణంగా అది పాత గొట్టాల్లోని ఇనుము తుప్పు. వాటిలో తెల్లబట్టలు నానబెట్టకు, మరక వదలదు. కాసేపు కుళాయి వదిలి చూడు, తేటపడకపోతే ఫిర్యాదు చెయ్యి. అత్తగారికి ఆ గ్లాసు చూపించు. కింది నుంచి తేటపడుతుంటే ఆవిడకీ ముచ్చటేస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో రెండు పార్టీలు అయిపోయాయి. నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తే మా అమ్మ "మందు కలిపారు, తాగొద్దు" అంటుంది. వాసన రాకపోతే నాన్న "మందు కలపలేదు, తాగొద్దు" అంటారు. మధ్యలో నాకు దాహం. ఎవరు కరెక్టు?

జవాబు: బాబూ, ఈ ఒక్కసారికి నాన్నగారి వైపు కాస్త మొగ్గు. ఆ వాసన క్లోరిన్‌ది. శుద్ధి కేంద్రంలో క్రిములను చంపడానికి కలుపుతారు. అది అక్కడితో అయిపోకూడదు, కొంచెం మిగిలి గొట్టాల వెంబడి కుళాయి దాకా నీళ్లకు కాపలాగా రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నీళ్లు చేరేచోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి, 5 మిల్లీగ్రాములు దాటకూడదు. కొందరి ముక్కుకూ నాలుకకూ 0.3 దగ్గరే తెలిసిపోతుంది. అంటే మీ అమ్మగారికి వాసన తగిలిందంటే, ఆవిడ ముక్కు చురుకైనదని అర్థం, నీళ్లలో విషం ఉందని కాదు. హెచ్చరిక రోజుల్లో క్లోరిన్ మోతాదు పెంచడం కూడా మామూలే.

అమ్మగారి భయం కొత్తదేమీ కాదు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీకి వెళ్లే నీళ్లలో డాక్టర్ జాన్ లీల్ క్లోరిన్ కలపడం మొదలుపెట్టినప్పుడు, తాగేనీళ్లలో రసాయనం పోస్తావా అని ఆయన్ను కోర్టులో నిలదీశారు. ఆ పద్ధతే తర్వాత ఊరూరికీ పాకి టైఫాయిడ్‌ను అదుపులోకి తెచ్చింది. వాసన ఇబ్బందిగా ఉంటే కాచిన నీళ్లను మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, చల్లటి నీళ్లలో అంతగా తెలియదు. పైగా కాచినప్పుడే చాలావరకు పోతుంది.

అయితే నాన్నగారికీ ఒక మాట. వాసన ఉంది కాబట్టి కాచక్కర్లేదు అనుకోవద్దు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కు లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో అదే సుమారు 4 లక్షల 3 వేల మందిని మంచం పట్టించింది. క్లోరిన్ కలిపిన నీళ్లే. కాచితే మాత్రం అది చస్తుంది.

రుచి గురించి కూడా ఇద్దరికీ చెప్పు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో తేల్చారు. హాంప్‌స్టెడ్‌లో, అక్కడికి చాలా దూరంలో ఉండే ఒక పెద్దావిడకు ఆ పంపు నీళ్ల రుచి అంటే ఎంతో ఇష్టం. బండి మీద సీసాలో తెప్పించుకుని మరీ తాగేవారు. ఆవిడ కలరాతోనే పోయారు. నీళ్లు తియ్యగా ఉన్నాయనీ, తేటగా ఉన్నాయనీ నమ్మి చెంబెత్తడం నాకు ఎప్పుడు చూసినా భయమేస్తుంది.

ప్రశ్న: మా అక్వేరియంలో చేపలే నా ల్యాబు. కొత్త నీళ్లు పోస్తాను, చేప ఈదితే నేనూ తాగుతాను. మొన్న రెండు చేపలు తేలిపోయాయి. ఇక నేను బతుకుతానా?

జవాబు: మీరు బతుకుతారు. ఆ రెండు చేపల గురించే నాకు బాధగా ఉంది. మనకు రక్షణ ఇచ్చే క్లోరిన్ చేప మొప్పలను కాల్చేస్తుంది. మోతాదు పెంచిన రోజుల్లో నేరుగా కుళాయి నీళ్లు పోస్తే చేపలు తట్టుకోలేవు. క్లోరిన్‌ను విరిచే చుక్కల మందు అక్వేరియం సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది, అది కలిపి పోయండి. అసలు ముఖ్యమైనది ఇది: మనల్ని ఆసుపత్రి పాలు చేసే క్రిములు నిండా ఉన్న నీళ్లలో చేప హాయిగా ఈదుతుంది. దయచేసి ఈ పరీక్ష ఈరోజుతో ఆపేయండి, వాటి కోసమూ, మీ కోసమూ.

ప్రశ్న: మా అపార్టుమెంట్లో ఒకాయన టీడీఎస్ మీటరు జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. ఇంటింటికీ వెళ్లి ముంచి చూసి "140, మీరు సేఫ్", "310, మీరు జాగ్రత్త" అని చెప్పి వెళ్తున్నారు. 310 వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

జవాబు: పడుకోండమ్మా. ఆయన మంచి మనసుతోనే తిరుగుతున్నారు, కానీ ఆ మీటరుకు క్రిములు కనిపించవు. అది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, కరిగి ఉన్న లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అంచనా కడుతుంది. కాల్షియం, మెగ్నీషియం, మామూలు ఉప్పు, ఇవే ఎక్కువగా. 310 అంటే నీళ్లకు కాస్త రుచి ఎక్కువ, అంతే. 140 వచ్చిన ఇంట్లో మురుగు కలిసి ఉండొచ్చు, మీటరు నోరు మెదపదు.

సీసం సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే 0.01 మిల్లీగ్రాము. ఆ మీటరు చూపించే అతి చిన్న అంకె 1 మిల్లీగ్రాము. హద్దుకు 50 రెట్లు సీసం ఉన్నా ఆ అంకె కదలదు. బరువులు తూచే కాటాతో చీమను తూచినట్టు.

క్రిముల పరీక్షకు ఇంత తొందర కుదరదు. ల్యాబులో మేం నీళ్లను సన్నటి పొర గుండా వడకట్టి, ఆ పొరను పోషకాల మీద పరిచి, 35 నుంచి 37 డిగ్రీల వెచ్చదనంలో కనీసం ఒక పగలూ రాత్రీ ఉంచుతాం. మర్నాడు తలుపు తీసి చూస్తే మచ్చలు లేచి ఉంటాయి. ఒక్కో మచ్చ ఒక క్రిమి పెట్టిన సంసారం. లేదా పొర తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. 29 ఏళ్లలో ఆ తలుపు తీసిన ప్రతిసారీ నా గుండె కొట్టుకునేది. ఆయన కాలక్షేపానికి మంచి మీటరు ఒకటి ఉంది, క్లోరిన్ చూసే కిట్టు. నమూనాలో మందు వేస్తే గులాబీ రంగు తేలుతుంది, ఆ రంగును కార్డుతో పోల్చుకోవాలి. మీ సంప్‌లో, పై ట్యాంకులో క్లోరిన్ నిలుస్తోందో లేదో ఇంటింటికీ అదే చూసిపెట్టమనండి. ఆ తిరుగుడు అందరికీ ఉపయోగం.

ప్రశ్న: అమ్మమ్మ గారూ, నాకు 9 ఏళ్లు. నీళ్లు బాలేవని టీవీలో చెప్పారు కాబట్టి నేను నాలుగు రోజుల నుంచి పళ్లు తోమడం లేదు. అమ్మ తిడుతోంది. నేను రూల్ ఫాలో అవుతున్నాను కదా?

జవాబు: నాన్నా, రూలు చదివినందుకు నీకు శభాష్. కానీ సగమే చదివావు. కాచి చల్లార్చిన నీళ్లు ఒక గ్లాసుడు తీసుకో. బ్రష్ అందులోనే తడుపు, నోరు ఆ నీళ్లతోనే పుక్కిలించు, బ్రష్ కూడా వాటితోనే కడుగు. గ్లాసుడు నీళ్లలో మొత్తం పని అవుతుందేమో పందెం వేసుకుని చూడు. ఈ రాత్రే మొదలుపెట్టు, నాలుగు రోజుల బాకీ ఉంది.

ప్రశ్న: ప్రకటన సాయంత్రం వచ్చింది. నేను అదే రోజు పొద్దున్న రెండు గ్లాసులు తాగేశాను. వార్త విన్న పది నిమిషాలకే కడుపులో గుడగుడ మొదలైంది.

జవాబు: ఆ గుడగుడ వార్త వల్ల వచ్చిందే, నీళ్ల వల్ల అయ్యుండే అవకాశం తక్కువ. అలాగని మీది ఉత్త అనుమానం అనడం లేదు, భయానికి కడుపు నిజంగానే కదులుతుంది. క్రిములకు మాత్రం కొంత వ్యవధి కావాలి. కలరాకు కొన్ని గంటల నుంచి 5 రోజులు. క్రిప్టోస్పోరిడియంకు సగటున వారం. ఆ రోజుల్లో విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, నాలుక ఎండిపోయి మూత్రం తగ్గినా ఇంట్లో కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. పసివాళ్లు, గర్భిణులు, పెద్దవాళ్లు, కీమోథెరపీ లాంటి చికిత్సలో ఉన్నవాళ్లు అయితే అంతదాకా కూడా ఆగొద్దు. ఏమీ కాకపోతే ఆ రెండు గ్లాసుల్ని మర్చిపోండి.

ప్రశ్న: పటికముక్క నీళ్లలో తిప్పితే చాలని మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆరోజు నుంచి నేను తిప్పుతూనే ఉన్నాను. చెయ్యి నొప్పి.

జవాబు: చేతికి విశ్రాంతి ఇవ్వండి. పటిక బురదను ముద్దకట్టించి అడుగుకు దింపుతుంది. శుద్ధి కేంద్రాల్లోనూ ఆ పనికి వాడతారు. దాంతో పాటు కొన్ని క్రిములూ దిగుతాయి, అన్నీ కాదు, చావవు కూడా. మడ్డి నీళ్లు వస్తే పటికతో తేర్చి, పై నీళ్లు వంచుకుని, తర్వాత కాచండి.

ప్రశ్న: రేపో మాపో హెచ్చరిక ఎత్తేస్తారట. నిన్నటిదాకా వద్దన్న నీళ్లను ఇవాళ తాగమంటే ఎలా నమ్మేది? వాళ్లు ఏదో దాస్తున్నారేమో అనిపిస్తోంది.

జవాబు: మీ అనుమానాన్ని నేను తప్పుపట్టను. దాచిన సందర్భాలు ఉన్నాయి. 2000 సంవత్సరం మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న పట్టణంలో నీళ్లలో ఇ.కోలి అనే క్రిమి కలిసింది. నీటి సరఫరా చూసేవాళ్లు క్లోరిన్ సరిగా కలపలేదు, పుస్తకంలో మాత్రం తప్పుడు అంకెలు రాసుకుంటూ వచ్చారు, ల్యాబు రిపోర్టు సంగతి పైకి చెప్పలేదు. 7 మంది చనిపోయారు, 2,300 మంది దాకా జబ్బుపడ్డారు. మా వృత్తిలో ఉన్నవాళ్లం ఆ ఊరి పేరు మర్చిపోలేం.

దానికి రెండేళ్ల ముందు, 1998లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఇంకోలా జరిగింది. నీళ్లలో క్రిప్టోస్పోరిడియం, జియార్డియా అనే పరాన్నజీవులు కనిపించాయని జులై నుంచి సెప్టెంబరు దాకా పదేపదే కాచి తాగమన్నారు. 30 లక్షల మంది కాచారు. తర్వాత లెక్క చూస్తే జబ్బులు పెరిగిన దాఖలా లేదు. అనవసరంగా హడావుడి చేశారని జనం కోప్పడ్డారు. ఈ రెండింటిలో ఏ తప్పు వైపు ఉంటావని నన్నడిగితే, సిడ్నీ వైపే ఉంటాను.

నా సర్వీసులో ఒకసారి, ఒక పేట నమూనాలో మచ్చలు లేచాయి. రాత్రి 8 గంటలకు రిపోర్టు రాసి పంపాను. పై ఆఫీసులో సంతకం పెట్టాల్సిన మనిషి లేరని మర్నాడు మధ్యాహ్నం దాకా అది బల్ల మీదే ఉంది. ఆ పేటలో తెల్లారి బిందెలు నింపుకున్నవాళ్లు నా కళ్లముందు మెదులుతూనే ఉన్నారు, ఆ రాత్రి కన్ను మూయలేదు. ఆ తర్వాత అలాంటి ఫలితం వస్తే కాగితం కోసం ఆగలేదు, ఫోన్ చేసేదాన్ని, ఎత్తేదాకా చేసేదాన్ని. కాబట్టి మీరు అడగండి. నమూనాలు ఎక్కడెక్కడ తీశారు, ఎన్ని రోజులు వరసగా శుభ్రంగా వచ్చాయి, మిగులు క్లోరిన్ ఎంత ఉంది. ఈ మూడూ అడిగే హక్కు మీకు ఉంది. అంకెలు చెప్పేవాళ్లను నమ్మొచ్చు. నీళ్లు నమిలేవాళ్లను మళ్లీ మళ్లీ అడగాలి.

ఎత్తేశాక మీ ఇంట్లో పని మీరు చేయాలి. చల్లనీళ్ల కుళాయిలు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి, గొట్టంలో నిలిచిన పాత నీళ్లు పోయేదాకా వదలండి. వాటిని బకెట్లలో పట్టి నేల కడగడానికి వాడండి. కుళాయి మూతికి ఉన్న జాలీ విప్పి కడగండి. సంప్, పై ట్యాంకు ఖాళీ చేసి కడిగించి క్లోరిన్ వేయించండి. ఫిల్టరు క్యాండిలో, కార్ట్రిడ్జో మార్చండి. ఊరి నీళ్లు బాగుపడినా ట్యాంకు అడుగున పాత నీళ్లు ఉంటే మీ ఇంట్లో హెచ్చరిక ఇంకా ఎత్తేయనట్టే.

ప్రశ్న: మేడమ్, చివరి ప్రశ్న మా నాన్నమ్మది. ఆవిడ మంచం కింద 46 సీసాల కాచిన నీళ్లు దాచింది. ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. హెచ్చరిక ఎత్తేశారు. ఇప్పుడు వాటిని ఏం చేయాలి?

జవాబు: నాన్నమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ ఇంటికి కాపలా కాశారు. కాచిన నీళ్లలో క్లోరిన్ ఉండదు, కాబట్టి రోజులు గడిచేకొద్దీ వాటికి కాపలా తగ్గిపోతుంది. పాతవి మొక్కలకు పోయండి, ఆవిడ చేతే పోయించండి. మళ్లీ ఎప్పుడైనా నీళ్లు ఆగిపోతే పనికొచ్చేలా మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన మూడు రోజులకు సరిపడా శుభ్రమైన నీళ్లు, మూత గట్టిగా ఉన్న సీసాల్లో, తేదీ రాసి పెట్టండి. ఆరు నెలలకోసారి మార్చండి. ఆ తేదీలు చూసే బాధ్యత ఆవిడకే ఇవ్వండి. మంచం కింద కాకుండా ఎండ తగలని అలమరలో, చేతికందే అరలో పెడితే, తీసుకోవడానికి ఆవిడ వంగక్కర్లేదు.